ఒక్క ఊఁ

ఎర ముక్కలు కోస్తున్నప్పుడు కూడా ఆమె కాలు ఊరుకోలేదు. కుడిచేతిలోని కత్తి చిన్న చేపల్ని ఏటవాలుగా చీలుస్తోంది. ఎడమచెయ్యి ఆ ముక్కల్ని ఉప్పు చల్లిన డబ్బాలోకి తోస్తోంది. మడమ మాత్రం పెరటి మెట్టు మీద టకటకా కొట్టుకుంటూనే ఉంది. మెట్టుకు వేసిన రంగు ఆ ఒక్కచోటే పోయి లోపలి చెక్క తెల్లగా బయటపడింది.

పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి ఉంది గానీ, ఆసుపత్రి చీటీ మీద రాయించడానికి తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. అందరికీ ఆమె బొంగరమే. ఒక్కచోట కూర్చుని కడుపునిండా తినగా ఆమెను చూసినవాళ్ళు లేరు. చేతిలో గిన్నె పట్టుకుని తింటూనే కిటికీ తుడుస్తుంది, పొరుగింటివాళ్ళ పిల్లిని అదిలిస్తుంది, పొయ్యి మీద ఏదో కలుపుతుంది. బట్టలు కుట్టే షెడ్డులో పనిచేసే రోజుల్లో ఆమె పక్క మిషను మీద కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. బల్ల ఊగి తమ కుట్టు కూడా వంకరపోతుందని వాళ్ళ గోల.

లోపలి నుంచి భర్త టీ గ్లాసుతో వచ్చాడు. సన్నగా, కాస్త వంగినట్టు ఉంటాడు. గుమ్మం దాటి ఒక మెట్టు దిగి అక్కడే ఆగాడు. ఇంకో మెట్టు దిగితే ఇళ్ళ సందులోంచి సముద్రం కనిపిస్తుంది.

"ఈరోజైనా చెబుతావా?"

"చెబుతా."

"నిన్న కూడా చెబుతాననే వెళ్ళావు."

"నిన్న గాలి హోరు. ఏం మాట్లాడినా వినపడలేదు."

"మొన్నో?"

"మొన్న అక్కకి భుజం నొప్పి. నొప్పితో ఉన్న మనిషికి ఏం చెప్పమంటావయ్యా?"

అతను గ్లాసు ఆమె పక్కన పెట్టాడు. పెరటి తాడు మీద ఆరేసిన దుప్పటి వైపు చూశాడు. అది గోడకు కొట్టిన అట్టముక్కలా బిగుసుకుపోయి ఉంది.

"ఈరోజు గాలి లేదు," అన్నాడు.

ఆ మాట అతని నోట మామూలుగా రాదు. మిగతావాళ్ళంతా తుఫానుకు భయపడతారు. అతనికి ప్రశాంతంగా ఉన్న సముద్రమంటే భయం.

ఎన్నో ఏళ్ళ కిందట అతనూ, అతని అన్నా ఒకే పడవలో వెళ్ళేవాళ్ళు. తీరానికి దగ్గరలో, లోతు తక్కువగా ఉన్న ఇసుక మేటల మీద పలక చేప పట్టేవాళ్ళు. పుస్తకాల్లో దాని పేరు హాలిబట్ అట. రేవులో అలా ఎవరూ అనరు. పలకలా బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి పలక. చిన్నవి పళ్ళెమంత ఉంటాయి. పెద్దది మనిషిని మించిపోతుంది. నీళ్ళు నూనెలా నిలిచిన ఒక ఉదయం వాళ్ళకు అలాంటి పెద్దది తగిలింది. పడవలోకి లాగిన తరవాత, ఇక చచ్చిందనుకున్న చేప ఒక్కసారిగా లేచి తోకతో కొట్టింది. అన్న అంచు మీదుగా వెనక్కి పడ్డాడు. కాళ్ళకు నడుము దాకా రబ్బరు బూట్లు. తమ్ముడు తేరుకుని వంగి చూసేసరికి నీళ్ళ మీద ఒక్క ముడత కూడా లేదు. ఆ నునుపుదనం గురించే అతను తరవాత మాట్లాడేవాడు. "ఏమీ జరగనట్టు ఉందే. అద్దంలా ఉంది. అందులో నా మొహం నాకే కనపడింది," అనేవాడు.

మళ్ళీ పడవెక్కలేదు. వలలు బాగుచేసి, వంట చేసి, ఇల్లు నడిపాడు. మంచి వంటగాడు. నవ్వించడం కూడా వచ్చు. రాత్రిళ్ళు మాత్రం చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటాడు.

ఇప్పుడు ఎవరో తెలిసినవాళ్ళ ద్వారా ఒక పని దొరికింది. తీరానికి చాలా దూరంగా, కొండల నడుమ ఒక బడిలో కాపలా పని. ఉండటానికి గది ఇస్తారు. కిటికీ తీస్తే చెట్లూ గోడా తప్ప ఏమీ కనపడవట. ఆ "ఏమీ కనపడవు" అన్న మాట చెప్పేటప్పుడు అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా అయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను తనకంటూ అడిగింది ఇదొక్కటే. ఆమె వెంటనే సరేనంది. అన్న మరుక్షణం నుంచి ఆమెకు కాలు నిలవలేదు. అంతకుముందు కూడా నిలిచేది కాదు గానీ, ఇది వేరు.

రేపటిలోగా బడివాళ్ళకు వస్తామనో రామనో చెప్పాలి. దానికంటే ముందు అక్కకు చెప్పాలి.

టీ రెండు గుక్కల్లో తాగేసి, డబ్బా మూత పెట్టి, "వస్తా," అంటూనే ఆమె సందు మలుపు తిరిగిపోయింది.

అక్క అప్పటికే పడవలో ఉంది. అక్క అంటే తోడబుట్టింది కాదు. తోడికోడలు, చనిపోయిన బావగారి భార్య. పెద్ద ఎముకల మనిషి, నెమ్మదైన మనిషి. తలకు తువ్వాలు బిగించి కట్టుకుని, ముందుభాగంలో గాలపు దారం ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో ముడులు తడుముతూ కూర్చుంది. పక్కన టీ ఫ్లాస్కు, తిరుగుదారిలో ఇద్దరూ సగం సగం పంచుకునే కమలాపండు.

"ఆలస్యమైంది," అంది తలెత్తకుండా.

"నీ మరిది మాటల్లో పెట్టాడు."

"వాడు మాటల్లో పెట్టడం, నువ్వు పడటం! నీకే దారిలో నలుగురు దొరికుంటారు."

"ఒక్కళ్ళు కూడా దొరకలేదక్కా, ఒట్టు. పొద్దున్నే అందరూ నన్ను చూసి తలుపులేసుకుంటున్నారు."

బొంగరం తాడు విప్పి, అడుగున చేరిన నీళ్ళు తోడి, ఇంజను తాడు లాగింది. సన్నని చెక్క పడవ, దాని వెనక అంచుకు తగిలించిన చిన్న ఇంజను. అది మూడో లాగుకు గాని పలకదు. ఈరోజు మొదటి లాగుకే అందుకుంది. దానికి కూడా తొందరగా ఉన్నట్టుంది అనుకుంది ఆమె.

భర్త పోయాక అక్క చాన్నాళ్ళు గదిలోంచి బయటకు రాలేదు. వచ్చిన రోజున నేరుగా కుట్టు షెడ్డుకు వెళ్ళింది. మిషన్ల చప్పుడులో బొంగరం పక్కన నిలబడి, "లే. పడవ ఎండకి పగుళ్ళిస్తోంది," అంది. "నాకు ఈత రాదక్కా," అంది బొంగరం. "ఈతొచ్చినాయన ఏం చేశాడు?" అంది అక్క. అంతే. ఆ సాయంత్రం షెడ్డులో లెక్క తేల్చుకుని వచ్చేసింది. ఇద్దరు ఆడవాళ్ళు, అందులో ఒకతి నిమిషం కూర్చోలేనిది, పలక పట్టడానికి వెళ్తున్నారని రేవంతా నవ్వింది. మొదటి ఏడాది రేవు నవ్వే గెలిచింది. తరవాత నవ్వడం మానేశారు.

నీళ్ళు కదలడం లేదు. పడవ వెళ్ళిన దారి వెనకాల చాలాసేపు గీతలా నిలిచిపోతోంది. తీరం మీది ఇళ్ళు, బట్టల షెడ్డు చిమ్నీ, దాని వెనక నీళ్ళ ట్యాంకు తలకిందులుగా నీళ్ళలో వేలాడుతున్నాయి. దూరాన ఎవరో దగ్గితే పక్కనే దగ్గినట్టు వినపడింది. ఇంత నిశ్శబ్దంలో చెబితే ప్రతి మాటా స్పష్టంగా వినపడుతుంది. అదే ఇబ్బంది.

ఇసుక మేట ఎక్కడుందో తెలుసుకోవడానికి వాళ్ళకొక గుర్తుంది. ట్యాంకు పూర్తిగా చిమ్నీ వెనక దాక్కునే చోటు. ఒక పక్కకు జరిగితే కింద రాళ్ళు, ఇంకో పక్కకు జరిగితే నాచు. పలక ఇసుకలోనే పడుకుంటుంది. పైన గోధుమరంగు, కింద తెలుపు. ఇసుక కప్పుకుని కళ్ళు మాత్రం బయటపెడుతుంది.

"దాక్కుందా?" అంది అక్క. ఈ మధ్య రోజూ అడుగుతోంది. తనకు పని నేర్పుతోందనుకుంది బొంగరం. ఇంత వయసొచ్చాక ఇంకేం నేర్పుతావక్కా అని ఒకటి రెండుసార్లు వేళాకోళం కూడా చేసింది.

"ఆఁ, దాక్కుంది," అంది చూడకుండానే. చెప్పాల్సిన మాట నోట్లో గులకరాయిలా అటూ ఇటూ దొర్లుతోంది.

ఇంజను ఆపింది. అక్క సీసం గుండు కట్టిన గాలాన్ని నీళ్ళలోకి వదిలింది. దారం చేతుల్లోంచి జారి జారి ఆగింది. అక్క చూపుడువేలు దారం మీద ఆనించి, ఎవరిదో నాడి చూస్తున్నట్టు తల పక్కకు వంచింది.

"ఇది ఇసుక కాదే. రాయి. టక్కుమంది."

"ఇసుకే అయ్యుంటుంది."

"ఇసుకైతే మెత్తగా కూర్చుంటుంది. నువ్వు చూడలేదు."

గాలాన్ని మళ్ళీ పైకి లాగాలి, మళ్ళీ జరగాలి, మళ్ళీ మొదలు. బొంగరానికి చిరాకు ముంచుకొచ్చింది. అక్క మీద కాదు, అయినా అక్క మీదే పడింది. "అయితే నువ్వే చూడొచ్చుగా! అంత చిమ్నీ కళ్ళెదురుగా ఉందిగా!"

అక్క దారం చుడుతూ తీరం వైపు మొహం తిప్పింది.

"ఉందా?" అంది.

ఆ ఒక్కమాటకు బొంగరం చేతిలోని తెడ్డు ఆగిపోయింది. అక్క మొహం తీరం వైపే ఉంది, కానీ చిమ్నీ ఉన్న వైపు కాదు. దానికి బాగా ఎడమగా, ఏమీ లేని చోటు.

"అక్కా."

"అరవకు. చేపలు పారిపోతాయి."

"ఎప్పటినుంచి?"

"చలికాలం ముందు నుంచి. చూపు మధ్యలో పోయిందే. అంచుల్లో ఉంది. డాక్టరు ఏదో పేరు చెప్పాడు, మందు మాత్రం చెప్పలేదు." అక్క దారాన్ని ఒళ్ళో చుట్టలు చుట్టలుగా పేర్చుకుంటోంది. వేళ్ళు ఎక్కడా తడబడటం లేదు. "నిన్ను సూటిగా చూస్తే నువ్వుండవు. పక్కకి చూస్తే వస్తావు. మిగతావాళ్ళు ఊరికే నిలబడితే గోడలో కలిసిపోతారు. నువ్వు కదులుతూనే ఉంటావు కాబట్టి ఎక్కడున్నా దొరికిపోతావు."

బొంగరం మళ్ళీ తెడ్డు వేసింది. పడవను జరిపింది. ఈసారి ట్యాంకు అంచు చివరి చారిక చిమ్నీ వెనక్కి పోయేదాకా చూపు తిప్పలేదు.

"ఇప్పుడు దాక్కుంది."

"ఊఁ. చూస్తే ఎంత బాగా కనపడుతుందో చూశావా?"

గాలం దిగింది. మెత్తగా కూర్చుంది. నీటి లాగుడు లేని రోజున పడవ దానంతటది కదలదు. ఎర ఇసుక మీద పాకుతున్నట్టు ఉండాలంటే ఎవరో ఒకరు అతి నెమ్మదిగా తెడ్డు వేస్తూ ఉండాలి. ఆ పని బొంగరానిది. దారం పట్టుకోవడం ఎప్పుడూ అక్కదే. పలక ఎరను లాక్కుని పరిగెత్తదు. పెదవులతో పట్టుకుని ఆలోచిస్తుంది. అది ఆలోచిస్తున్నంతసేపూ మనిషి ఊపిరి బిగబట్టి ఉండాలి. బొంగరం దారం పట్టిన రోజుల్లో చేప ఆలోచన మొదలుపెట్టేలోపే ఈమె లాగేసేది.

తెడ్డు వేస్తూ ఆమె లోపల లెక్కలు వేసుకుంటోంది. చెప్పకపోతే ఇంట్లో ఆ మనిషి మళ్ళీ దూది పెట్టుకుని పడుకుంటాడు. చెబితే ఈ మనిషి రేపు పొద్దున ఈ పడవలో ఎవరినడుగుతుంది, దాక్కుందా అని? అక్కను కూడా రమ్మంటే? ఆ గదిలో ముగ్గురు పడతారా? పట్టినా, నీళ్ళు లేనిచోట అక్క ఏం తడుముతుంది? ఒక ఆలోచన మీద కూర్చోబోతే ఇంకోటి తోస్తోంది. తెడ్డు చేతుల్లో నిలవడం లేదు.

"ఏంటే, తెడ్డు అలా వణుకుతోంది?"

"దోమ కుట్టింది."

"సముద్రంలో దోమ!"

అక్క ఇంకేదో అనబోయి ఆగింది. వేలు దారం మీద బిగుసుకుంది. బొంగరం తెడ్డు నీళ్ళలోనే ఉంచేసింది. చాలాసేపు ఏమీ జరగలేదు. ఒక నీటిపక్షి పడవ దగ్గరకు ఈదుకుంటూ వచ్చి, వీళ్ళిద్దరినీ చూసి, పక్కకు తప్పుకుంది. బొంగరానికి మెడ మీద దురద పుట్టింది, ముక్కు దురద పుట్టింది, నవ్వు కూడా వచ్చింది. అన్నీ బిగబట్టుకుంది.

అక్క నెమ్మదిగా, మంచం మీద పడుకున్న పిల్ల మీద నుంచి దుప్పటి తీస్తున్నట్టు దారాన్ని పైకి ఎత్తింది. దారం బరువుగా నిలబడింది. ఒక్కక్షణం అది నేలకే తగులుకుందేమో అనిపించింది. తరవాత నేల కదిలింది.

"పెద్దదే," అంది అక్క.

దారం ఆమె చేతి తొడుగుల మీద చురచురమంటూ పరిగెత్తింది. ఆమె అడ్డుకోలేదు. పోనిచ్చింది, ఆగినప్పుడు లాక్కుంది, మళ్ళీ పోనిచ్చింది. పడవ ముక్కు నెమ్మదిగా తిరిగి, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు లోతు వైపు సాగింది. బొంగరం తెడ్లతో ఎదురు వేసింది. పొద్దు పైకెక్కింది. అక్క చొక్కా వీపంతా తడిసిపోయింది. మధ్యమధ్య ఎడమభుజాన్ని గడ్డంతో ఒత్తుకుంటోంది.

"నేను పడతానక్కా కాసేపు."

"నువ్వు కళ్ళు చూసుకో. చేతులు నేను చూసుకుంటా."

నీళ్ళ అడుగున మొదట ఏదో మసక. తరవాత అది వెడల్పయింది. ఇంకా వెడల్పయింది.

"కనపడుతోందా?"

"కనపడుతోంది. అక్కా, ఇది పలక కాదు. తలుపు."

"పడవను చూడగానే మళ్ళీ దిగుతుంది. దారానికి దూరంగా జరుగు."

అన్నట్టే అయింది. చేప పడవ నీడను చూసింది, తిరగబడి తెల్లని పొట్ట మెరిపించి అడుగుకు పోయింది. అక్క కూర్చున్నచోటే ముందుకు ఒరిగి అంచుకు మోకాళ్ళు తన్నిపెట్టింది. అలా రెండుసార్లు దిగింది. ఆ తరవాత పైకి వచ్చినప్పుడు అలసిపోయి, నీళ్ళ మీద చాప పరిచినట్టు పడుకుంది. పైకున్న రెండు కళ్ళూ ఆకాశంలోకి చూస్తున్నాయి.

వాళ్ళ పడవలో ఒకే ఒక్క కట్టుబాటుంది. పలక చచ్చేదాకా పడవలోకి రాకూడదు. తోకకు ఉరి బిగించి, నెత్తురు కారనిచ్చి, పడవ పక్కనే కట్టి ఉంచాలి.

"తోక ఎటుంది?"

"నా వైపు. నా చేతికి రెండు మూరల దూరం."

"తాడు నీళ్ళ మీద కొట్టకుండా పెట్టు. తోక కింద నుంచి రానీ. తొందరపడకే తల్లీ, నీకు దణ్ణం పెడతా, ఈ ఒక్కసారికి తొందరపడకు."

బొంగరం అంచు మీద పొట్ట ఆనించి వంగింది. అద్దంలాంటి నీళ్ళలో తన మొహం తనకే కనిపించింది. భర్త చెప్పిన అద్దం ఇదే. ఆ మొహం మీదుగానే చేతులు ముంచి, ఉరిని తోక కిందకు జరిపి, పైకి లేపి, లాగింది. చేప ఒక్క ఊపు ఊపింది. పడవ ఒరిగింది. డబ్బా దొర్లింది, ఎర ముక్కలు ఒలికాయి. ఈత రాని ఆమె రెండు చేతులూ మోచేతుల దాకా నీళ్ళలో ఉన్నాయి. వెనక నుంచి అక్క చెయ్యి వచ్చి ఆమె నడుం దగ్గర చొక్కాను గుప్పిట పట్టి బిగించింది. తడుముకోకుండా, మొదటిసారికే దొరకబుచ్చుకుంది. తాడు కట్టుకొయ్యకు చుట్టేదాకా ఆ పట్టు వదల్లేదు.

తరవాత ఇద్దరూ పడవ అడుగున కూలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, అంటే ఒకరు సూటిగా, ఇంకొకరు పక్కగా చూసుకుని, నవ్వడం మొదలుపెట్టారు.

"రెండు కళ్ళూ ఒకే పక్కన చూడు దానికి," అంది బొంగరం ఆయాసపడుతూ. "అచ్చం మన అత్తగారే. ఆవిడకీ అంతే, రెండు కళ్ళూ పెద్ద కొడుకు వైపే."

"పెద్ద కోడలి వైపు మాత్రం ఒక్కటీ లేదే," అంది అక్క. తువ్వాలుతో మొహం తుడుచుకుంది. నవ్వు ఆగాక కూడా ఊపిరి కుదుటపడలేదు. ఫ్లాస్కులో టీ కొంచెం తాగి, మిగతాది మూతలోనే ఉంచేసింది. "చాలే ఈ రోజుకి. భుజం లాగుతోంది. ముందువైపు కాసేపు ఆనుకుంటా, నువ్వు పోనివ్వు."

ఆమె ముందుభాగానికి జరిగి, చేపల పెట్టెకు వీపు ఆనించి, దారి వైపు మొహం పెట్టి కూర్చుంది. ఇంజను దగ్గర నుంచి బొంగరానికి ఆమె వీపు, తువ్వాలు కట్టిన తల మాత్రమే కనిపిస్తున్నాయి. పక్కన తాడుకు కట్టిన చేప బరువుకు పడవ ఒక వైపు ఒరిగి, నింపాదిగా సాగుతోంది.

మొహం కంటే వీపుకు చెప్పడం తేలిక. ఆ సంగతి బొంగరానికి అప్పుడు తట్టింది. చిమ్నీ పెద్దదవుతోంది. రేవులో గోడ మీద రంగు తేడాలు కూడా తెలుస్తున్నాయి. ఇంకాసేపుంటే మనుషులు, పలకరింపులు, పెద్ద చేప చుట్టూ గుంపు. ఇక చెప్పడం కుదరదు. ఆమె ఇంజను ఆపేసింది.

"గొట్టంలో చెత్త పడ్డట్టుంది," అంది. అక్క ఏమీ అనలేదు.

బొంగరం ఇంజను మూత తీసి, మళ్ళీ పెట్టి, తడిగుడ్డ పిండి, ఆరేసి, దాన్నే మళ్ళీ తీసి పిండి, అలాగే మొదలుపెట్టింది.

"అక్కా, నీ మరిదికి పని దొరికింది. బడిలో కాపలా. చాలా లోపల. అక్కడ నీళ్ళు కనపడవట. అదే ఆయనకి కావాల్సింది. నన్ను ఇన్నేళ్ళలో ఏమీ అడగలేదు, తెలుసుగా నీకు. రాత్రిళ్ళు ఆయన పడుకోవడం నువ్వు చూళ్ళేదు. నేను సరే అన్నాను. నిన్నడక్కుండా అనేశాను. అన్నప్పటినుంచి నాకు తిండి లేదు, నిద్ర లేదు. పైగా ఈరోజు నువ్వేమో ఇలా... ముందే చెప్పాల్సింది నువ్వు. చెప్పుంటే నేను సరే అనేదాన్నా? అనేదాన్నేమో. నాకు తెలీదు. నువ్వు కూడా వస్తానంటే మోసుకుపోతాను. రావని తెలుసు. కోపమొచ్చిందా అక్కా? పోనీ, వెళ్ళమంటావా?"

"ఊఁ," అంది అక్క.

చిన్నగా అంది. తల తిప్పలేదు.

బొంగరం కాసేపు ఎదురుచూసింది. ఆ తరవాత ఏదో రావాలి. అక్క మాటలు తక్కువ మనిషే. కానీ ఆమె ఊఁలన్నీ బొంగరానికి కొట్టినపిండి. ఒప్పుకున్నప్పటి ఊఁ కొంచెం పొడుగ్గా సాగుతుంది. కోపం వచ్చినప్పటిది తుంచినట్టు ఉంటుంది. ఇంక చాల్లే అన్నదానికి ముక్కులోంచి గాలి తోడవుతుంది. ఇది ఏదీ కాదు. రెండు ప్రశ్నలు ఒకేసారి అడిగింది తను. ఊఁ ఒక్కటే వచ్చింది. ఏ ప్రశ్నకు? మళ్ళీ అడగడానికి నోరు రాలేదు. అక్క అలిగితే అంతే, రేవు చేరేదాకా మాట్లాడదు, ఒడ్డెక్కాక ఏదో ఒకటి తిట్టి తేల్చేస్తుంది. ఈసారీ అంతే అనుకుని బొంగరం ఇంజను తాడు లాగింది. మూడో లాగుకు అందుకుంది.

రేవు గట్టు మీద ఐసు షెడ్డు మనిషి నిలబడి ఉన్నాడు. పడవ పక్కన వేలాడుతున్నదాన్ని చూసి రెండు చేతులూ ఎత్తాడు.

"ఎవరింటి తలుపు ఊడబీక్కొచ్చారు పెద్దమ్మా?"

మామూలుగా అక్క లేచి ముందు తాడు విసురుతుంది. లేవలేదు.

"తాడక్కా," అంది బొంగరం. పడవ ముక్కు గట్టుకు మెత్తగా తగిలి వెనక్కి వచ్చింది. "అక్కా, అలిగితే అలిగావుగాని, తాడు విసురు."

ఆమె ముందుకు వెళ్ళింది. అక్క తల కొంచెం పక్కకు, ఎవరినో బాగా చూడాలన్నప్పుడు ఈ మధ్య తిప్పుతున్నట్టే తిరిగి ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఎండలో ఉన్నా చెయ్యి చల్లగా ఉంది.

బొంగరం అరవలేదు. తాడు తనే తీసి విసిరింది. "గట్టిగా కట్టు," అంది ఐసు మనిషితో. వెనక్కి వెళ్ళి ఇంజను పైకి లేపింది. కత్తి కడిగింది. ఒలికిన ఎర ముక్కల్ని ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేసింది. మూత పెట్టింది. మళ్ళీ తీసి పెట్టింది. పడవలో నీళ్ళు లేకపోయినా తోడింది. గట్టు మీద మనిషి నవ్వు ఆపేసి, ఒకసారి ముందువైపు చూసి, ఇళ్ళ వైపు పరిగెత్తాడు.

ఆమె భర్త వచ్చాడు. చేతులకు పిండి అంటుకునే ఉంది. రేవు మెట్లు ఎలా దిగాడో అతనికే తెలియదు. పడవకూ మెట్టుకూ మధ్య ఉన్న నీళ్ళలోకి అలాగే దిగేశాడు. మోకాళ్ళ దాకా వచ్చాయి. అంచు పట్టుకుని పడవలోకి ఎక్కాడు. పడవ ఊగింది, అతను పట్టించుకోలేదు.

"వదినా," అన్నాడు. మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా, "వదినా." తరవాత ఆమె మెడ కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి పెట్టి, అంత పెద్ద మనిషిని ఒక్కడే ఎత్తుకున్నాడు. ఎవరు సాయం వచ్చినా ఇవ్వలేదు.

సాయంత్రానికి అక్క ఇంటి నిండా జనం. ఇంటి వెనక మెట్ల మీద అతను తడి ప్యాంటుతోనే కూర్చుని ఉన్నాడు. బొంగరం ఒకసారి నీళ్ళ బిందెతో, ఒకసారి కుర్చీతో, ఒకసారి ఊరికే, అతని ముందు నుంచి తిరుగుతోంది. నాలుగోసారో అయిదోసారో అతను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది?"

"ఊఁ అంది."

"అంటే?"

"తెలీదయ్యా," అంది బొంగరం. "రెండడిగాను. ఒకటే చెప్పింది."

అతను చెయ్యి వదల్లేదు. ఆమె కొద్దిసేపు అలాగే నిలబడి, "పోటు తగ్గుతోంది. తాడు వదులు చెయ్యకపోతే పడవ వేలాడుతుంది," అంది. అది నిజమే. అతను వదిలాడు.

రేవులో ఎవరూ లేరు. చేపను ఐసు షెడ్డులోకి చేర్చినట్టున్నారు. తాడుకు తోక ఒరుసుకున్న చోట జిగురు మిగిలింది. నీళ్ళు ఇంకా కదలడం లేదు. ఆమె తాడు వదులు చేసి, ఊరికే ఉండలేక పడవలోకి దిగి, ముందువైపుకు వెళ్ళింది. పడవ నడిపినంతసేపూ చేపల పెట్టె అడ్డంగా ఉంది, గట్టు చేరాక అక్క మొహం తప్ప అటువైపు ఏముందో ఆమె చూడలేదు.

అక్క కూర్చున్నచోట, పెట్టెకు ఆవలి పక్క చెక్క మీద, ఒక కమలాపండు ఉంది. తొక్క ఎక్కడా తెగకుండా ఒక్క ముక్కగా ఒలిచి, దోసిలిలా తెరిచి పెట్టి ఉంది. సగం తొనలు లేవు. మిగిలిన సగానికి తెల్లని పీచు ఒక్క పోగు కూడా లేకుండా, వేళ్ళతో తడిమి తడిమి తీసి, తొక్కలోనే ఇంజను వైపుకు జరిపి పెట్టి ఉంది.